అద్దానికి పట్టిన పాచికి నెరైట్ నత్తలు: ఎలా తేవాలి, ఎలా బతికించుకోవాలి

"అక్వేరియం అద్దానికి పచ్చ చుక్కలు పట్టాయి. గీకినా రెండు వారాల్లో మళ్లీ వస్తున్నాయి. నత్తలు తెచ్చి వేస్తే పోతాయా?" ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడగని వారం ఉండదు. నెలా రెండు నెలలయ్యాక అదే మనుషుల దగ్గర్నుంచి ఇంకో ప్రశ్న వస్తుంది: "నత్త రెండు రోజులుగా కదలడం లేదు, చచ్చిపోయిందా?"

మొదటి ప్రశ్నకు జవాబు: చాలావరకు పోతాయి. రెండో ప్రశ్న రాకూడదంటే నత్తను కొనకముందే చేసుకోవాల్సిన పని ఉంది. అందులో ముక్కాలు వంతు నీళ్ల గురించే. నత్తకు గుల్లే ఇల్లు, ఆ ఇల్లు కట్టుకునే సున్నం నీళ్లలోనే దొరకాలి. ఇది పట్టించుకోకుండా తెస్తే అది మీ ట్యాంకులో కొద్దికొద్దిగా కరిగిపోతూ బతుకుతుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా నెరైట్ నత్తల గురించి. జీబ్రా చారలవి, నారింజ రంగు మీద నల్ల గీతలవి, గుల్ల మీద చిన్న కొమ్ములున్నవి షాపుల్లో కనిపిస్తాయి. రెండు, రెండున్నర సెంటీమీటర్లకు మించి పెరగవు. మంచినీళ్ల ట్యాంకులో వీటి గుడ్లు పొదగవు కాబట్టి మంద పెరిగిపోతుందనే టెన్షన్ లేదు. మొక్కల జోలికి రావు. అద్దానికి గట్టిగా పట్టిన పచ్చ చుక్కలను గీకి తినడంలో వీటికి సాటి వచ్చే నత్త షాపుల్లో నాకు కనిపించలేదు.

కావలసినవి

- కనీసం రెండు నెలల నుంచి నడుస్తున్న ట్యాంకు, దానికి మూత
- అమ్మోనియా, నైట్రైట్ (మలం, మిగిలిన మేత కుళ్లితే నీళ్లలో చేరే విషాలు), పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం), నీటి గట్టిదనం చూసే టెస్ట్ కిట్ (చుక్కల మందుది మేలు, పట్టీలు కూడా పనికొస్తాయి)
- యాంటీ క్లోరిన్ మందు
- మెడికల్ షాపులో దొరికే సెలైన్ సెట్ ఒకటి, కొత్తది
- చిన్న డబ్బా లేదా ప్లాస్టిక్ మగ్గు
- కటిల్ బోన్ ముక్క. లవ్ బర్డ్స్ సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. మూలికలు అమ్మే పచారీ కొట్లో "సముద్రపు నురుగు" అని అడిగినా ఇస్తారు, రెండూ ఒకటే.
- దోసకాయ, సొరకాయ లేదా పాలకూర కొంచెం

1. ముందు ఏ పాచో చూడండి

అద్దం మీద గోటితో గీకండి. గట్టిగా, గుండ్రటి పచ్చ చుక్కల్లా అతుక్కుని అంత తేలిగ్గా రాకపోతే అది నత్త పనే. వేలితో రాస్తే పొడిలా రాలిపోయే గోధుమరంగు పొర అయినా, పల్చటి పచ్చ పొర అయినా నెరైట్లు ఇష్టంగా తింటాయి. గోధుమరంగు పొర కొత్త ట్యాంకుల్లో మొదటి రెండు నెలల్లో పట్టి, చాలాసార్లు దానంతటదే పోతుంది. దాని కోసమే నత్తలు కొనాల్సిన పని లేదు.

ఈ కిందివి మీ ట్యాంకులో ఉంటే నత్తల మీద డబ్బు పెట్టకండి:

- నీళ్లే పచ్చగా మారిపోవడం. అది నీళ్లలో తేలే పాచి, నత్తకు అందదు. లైటు ఆపి, ట్యాంకుకు మందపాటి దుప్పటి కప్పి మూడు నాలుగు రోజులు ఉంచండి. ఆ తర్వాత సగం నీళ్లు మార్చండి.
- మొక్కల ఆకుల అంచులకు నల్లటి కుచ్చులా పట్టేది. నెరైట్ దాన్ని ముట్టుకోదు.
- పొడుగ్గా జుట్టులా పెరిగేది. పాత టూత్ బ్రష్‌కు చుట్టి చేత్తోనే లాగేయాలి.
- నీలి పచ్చ రంగులో జిగటగా, చర్మంలా ఊడివచ్చే పొర. దగ్గరగా వాసన చూస్తే ముక్కు మూసుకోవాలి. అది బ్యాక్టీరియా, దాన్ని ఏ నత్తా తినదు.

2. ట్యాంకు వయసు, వెలుతురు

నిన్న పెట్టిన ట్యాంకులో ఈ రోజు నత్తను వేయకండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా రావాలి, అదీ వారం తేడాతో రెండుసార్లు చూసినప్పుడు. ఇంకో కారణం కూడా ఉంది: కొత్త ట్యాంకులో పాచే ఉండదు. తళతళలాడే ట్యాంకులో నెరైట్ ఆకలితో చస్తుంది.

లైటు రోజుకు 12 గంటలు వెలుగుతుంటే నాలుగు నత్తలు వేసినా మీదే ఓటమి. 6 నుంచి 8 గంటలకు తగ్గించండి, టైమర్ ప్లగ్ పెడితే మర్చిపోయే పని ఉండదు. కిటికీ ఎండ నేరుగా ట్యాంకు మీద పడుతుంటే కర్టెన్ వేయండి. చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత వేయండి. మిగిలిన మేత పాచికి ఎరువు.

3. నీళ్లు: ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తున్నారు

నెరైట్‌కు పీహెచ్ 7 పైన ఉండాలి, 7.5 నుంచి 8 అయితే హాయిగా ఉంటుంది. నీళ్లు గట్టివి కావాలి, అంటే సున్నం, మెగ్నీషియం ఉన్నవి. కిట్‌లో జీహెచ్ (సున్నం, మెగ్నీషియం కలిపిన గట్టిదనం) 8కి, కేహెచ్ (పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్ల కొలత) 4కి తగ్గకుండా చూసుకోండి.

కిట్ చేతికి వచ్చేలోపు ఇంట్లోనే ఒక అంచనాకు రావచ్చు. మన ఇళ్లలో "ఈ బోరు నీళ్లలో పప్పు ఉడకదు" అంటుంటారు చూడండి, ఆ నీళ్లే నత్తకు మంచివి. కుళాయి మూతికి తెల్లటి పెంకు కడుతున్నా, బకెట్ అడుగున తెల్లటి పొర పేరుకుంటున్నా, సబ్బు సరిగా నురగ రాకపోయినా అవి గట్టి నీళ్లే. మనం విసుక్కునే నీళ్లు దానికి మేలు చేస్తాయి.

ఇప్పుడు రెండు ప్రమాదాలు.

ఒకటి, ఆర్‌ఓ నీళ్లు. "శుద్ధమైన నీళ్లు కదా, చేపలకు మంచిది" అనుకుని 20 లీటర్ల క్యాన్లు తెప్పించి ట్యాంకు నింపేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ నీళ్లలో సున్నం దాదాపు ఉండదు. ఇప్పటికే ఆర్‌ఓ వాడుతుంటే ఒక్కసారిగా మార్చకండి. వారం వారం నీళ్లు మార్చేటప్పుడు సగం ఆర్‌ఓ, సగం బోరు నీళ్లు కలిపి పోయండి. వేసవిలో ఆవిరైన మేరకు పోయడానికి మాత్రం ఆర్‌ఓ నీళ్లే సరైనవి. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి.

రెండోది అపార్ట్‌మెంట్ సాఫ్ట్‌నర్. ఇది నాకు అనుభవమే. మేము ఇల్లు మారాక కొత్త అపార్ట్‌మెంట్ నీళ్లే ట్యాంకులో వాడాను. టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపించేది) పెడితే 600 పైన చూపించింది, ఇంకేం, గట్టి నీళ్లే అనుకున్నాను. రెండు నెలలకు జీబ్రా నత్త గుల్ల కొన దగ్గర నల్ల చారలు మాసిపోయి, సుద్ద ముక్క గీసినట్టు తెల్లగా కనబడింది. భూతద్దం పెట్టి చూస్తే ఆ తెలుపులో సూది మొనతో పొడిచినట్టు గుంటలు. అప్పుడు వాచ్‌మన్‌ను అడిగితే కింద సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉందని, వారానికి రెండు బస్తాల ఉప్పు పోస్తారని తెలిసింది. సాఫ్ట్‌నర్ నీళ్లలోని సున్నాన్ని తీసేసి ఆ స్థానంలో సోడియం పెడుతుంది. టీడీఎస్ మీటర్‌కు ఆ తేడా తెలియదు, రెండింటికీ దాదాపు ఒకే అంకె చూపిస్తుంది. అందుకే టీడీఎస్ చూసి నిర్ణయించకండి, జీహెచ్ చూడండి. సాఫ్ట్‌నర్ ఉంటే, దానిలోకి వెళ్లకముందు ఉండే బోరు కుళాయి ఎక్కడుందో కనుక్కుని అక్కడ పట్టుకోండి.

నీళ్లలో సున్నం తక్కువగా ఉంటే:

- కటిల్ బోన్ రెండంగుళాల ముక్క కోసి, పది నిమిషాలు ఉడకబెట్టి ట్యాంకులో వేయండి. ముందు తేలుతుంది, ఒకటి రెండు రోజుల్లో మునుగుతుంది. తొందరగా మునగాలంటే చిన్న రాయికి కట్టండి.
- అది దొరకకపోతే కోడిగుడ్డు పెంకులు. లోపలి పొర ఒలిచేసి, ఉడకబెట్టి, ఎండబెట్టి, నలిపి చిన్న వల సంచిలో కట్టి ఫిల్టర్ దగ్గర పెట్టండి. నెమ్మదిగా పనిచేస్తుంది.

హెచ్చరిక: కిళ్లీలో వేసే సున్నం, గోడలకు వేసే సున్నం ట్యాంకులో వేయకండి. పీహెచ్ ఒక్కసారిగా పైకి ఎగబాకి చేపలు, నత్తలు అన్నీ పోతాయి.

మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది, యాంటీ క్లోరిన్ కలపడం మరవకండి. రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్లు పోయకండి. మనకు మంచివే కావచ్చు, నత్తకు రాగి విషం.

4. తోటి చేపలు ఎవరో చూసుకోండి

గప్పీలు, మాలీలు, టెట్రాలు, కోరీలు, రొయ్యలతో నెరైట్ నిశ్చింతగా బతుకుతుంది. మాలీలు, గప్పీలు కూడా గట్టి నీళ్లే కోరుకుంటాయి కాబట్టి ఆ జోడీ నాకు చాలా ఇష్టం. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్, పఫర్, లోచ్ జాతి చేపలు ఉంటే ఆశ వదులుకోండి. ఫైటర్ చేప స్వభావాన్ని బట్టి ఉంటుంది: కొన్ని పట్టించుకోవు, కొన్ని నత్త మీసాలను కొరికేస్తాయి. పెద్ద గోల్డ్‌ఫిష్ చిన్న నత్తను నోట్లో వేసుకోవచ్చు, పూర్తిగా పెరిగిన నెరైట్‌నే తెచ్చుకోండి.

5. ఎన్ని, ఎలాంటివి కొనాలి

ట్యాంకు పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో గుణించి 61తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 24×12×12 ట్యాంకు దాదాపు 57 లీటర్లు. గులకరాళ్లు, నీటిమట్టం తీసేస్తే 45 నుంచి 50. దానికి రెండు నెరైట్లు చాలు. నెల తర్వాత కూడా పాచి మిగులుతుంటే మూడోది తెండి. ఒకేసారి ఆరు తెచ్చి వేస్తే నెలలోపే వాటికి తిండి అయిపోతుంది.

షాపులో చూడాల్సినవి: అద్దానికో రాయికో గట్టిగా అతుక్కుని ఉండాలి. వెల్లకిలా పడి ఉన్నదాన్ని వద్దనండి. గుల్ల నోటి దగ్గర గట్టి మూత ఉంటుంది, తాకితే అది లోపలికి మూసుకోవాలి. గుల్ల కొన కొంచెం అరిగినా పర్వాలేదు, గుంటలు పడితే వద్దు. ఈ నత్తల్లో ఎక్కువ భాగం బయట నీళ్లలో పట్టి తెచ్చినవే. దారిలో చాలా రోజులు తిండి లేకుండా వస్తాయి. అందుకే షాపుకు వచ్చిన రోజే కొనకుండా, వారం ఆగి బతికినవాటిలోంచి తీసుకోవడం నా పద్ధతి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే తడి కాగితంలో చుట్టి పంపుతారు, భయపడకండి. అయితే ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆర్డర్ పెట్టకండి, ఎండకు పార్శిల్‌లోనే పోతాయి.

నెరైట్ దొరకకపోతే: యాపిల్ స్నెయిల్ అని అమ్మే పసుపుపచ్చ పెద్ద నత్త మిగిలిన మేత, మెత్తటి పాచి తింటుంది, పచ్చ చుక్కల మీద పెద్దగా పనిచేయదు. రామ్స్‌హార్న్ చిన్నది, పనిమంతురాలే, కానీ మేత ఎక్కువైతే నెలలో పది వంద అవుతాయి.

పొలాల్లో, చెరువుల్లో దొరికే నత్తలు తెచ్చి వేయవచ్చా అని ఊళ్ల నుంచి అడుగుతుంటారు. వద్దు. వరి మళ్లలో దొరికే పెద్ద నత్త మీ మొక్కలనే మేస్తుంది. చిన్న నత్తల్లో కొన్ని పశువులకు కాలేయపు జలగ లాంటి పురుగుల్ని అంటించేవి. అవి ఇంట్లోకి ఎందుకు?

6. కొత్త నీళ్లకు అలవాటు చేయడం

చేపల సంచిని తేలేసి పావుగంటకు వదిలేసినట్టు నత్తను వదలకూడదు.

1. సంచిలోని నీళ్లతో సహా నత్తను మగ్గులో పెట్టండి. తడి కాగితంలో వస్తే మగ్గులో అది సగం మునిగేంత ట్యాంకు నీళ్లు పోయండి.
2. సెలైన్ సెట్ సూది తీసేసి, ఒక చివర ట్యాంకులో, ఇంకో చివర మగ్గులో పెట్టండి. మగ్గు ట్యాంకు కంటే కిందుండాలి. పైపులో నీళ్లు నింపి వదిలితే సైఫన్ మొదలవుతుంది. చక్రం తిప్పి సెకనుకు రెండు మూడు చుక్కలు పడేలా పెట్టండి.
3. గంట నుంచి గంటన్నరలో మగ్గులో నీళ్లు మూడు నాలుగు రెట్లు అవుతాయి. నత్త ఈలోగా ఎక్కి బయటికి రావచ్చు, మీద చిల్లుల మూత పెట్టండి.
4. నత్తను మాత్రమే ట్యాంకులోకి తీసుకోండి. మగ్గు నీళ్లు పారబోయండి.

సెలైన్ సెట్ లేకపోతే పది నిమిషాలకోసారి రెండు చెంచాల ట్యాంకు నీళ్లు పోస్తూ గంటన్నర చేయండి. ఓపిక కావాలి, ఫలితం అదే.

7. వదలడం

రాయి మీద లేదా అద్దం పక్కన నేల మీద, పాదం కిందికి ఉండేలా పెట్టండి. పైనుంచి జారవిడిస్తే వెల్లకిలా పడుతుంది. నెరైట్‌కు తనంతట తాను తిరగబడటం చాలా కష్టం, అలా పడి ఉండే చాలా నత్తలు చస్తాయి. పొద్దున, సాయంత్రం ఒకసారి చూసి పడి ఉంటే తిప్పి పెట్టండి. అద్దం మీదున్న నత్తను తీయాల్సి వస్తే పైకి పీకకండి, నెమ్మదిగా పక్కకు జరుపుతూ తీయండి. పీకితే కండరం చిరుగుతుంది.

మూత ముఖ్యం. రాత్రిపూట నీళ్లు దాటి పైకి ఎక్కే అలవాటు నెరైట్‌కు ఉంది. ఫిల్టర్ పైపు కోసం వదిలిన సందులో స్పాంజి ముక్క దోపండి. సోఫా కింద దొరికిన నత్త మూత బిగించుకుని ఉంటే పారేయకండి, ట్యాంకు నీళ్లున్న గిన్నెలో వేసి ఒక రోజు చూడండి.

8. తిండి

మొదటి మూడు రోజులు కదలకపోయినా కంగారు పడకండి. వారం తర్వాత పాచి తగ్గుతుంటే తిండి కూడా తగ్గుతున్నట్టే. వారానికి రెండుసార్లు దోసకాయ లేదా సొరకాయ చక్రం ఒకటి ఉప్పు వేయకుండా రెండు మూడు నిమిషాలు ఉడకబెట్టి, చల్లారాక స్టీలు ఫోర్కు గుచ్చి మునిగేలా వేయండి. సాయంత్రం వేస్తే పొద్దునకల్లా తీసేయాలి, ఎండాకాలంలో ఇంకా త్వరగా. కొన్ని నెరైట్లు కూరగాయలు అసలు ముట్టవు. అలాంటప్పుడు నది రాళ్లు నాలుగు గాజు సీసాలో నీళ్లు పోసి కిటికీలో ఎండకు పెట్టండి. రెండు మూడు వారాల్లో పచ్చగా పాచి పడుతుంది. ఒక్కో రాయి మార్చి మార్చి ట్యాంకులో వేయండి. నాకు ఇంతకంటే నమ్మకమైన మేత దొరకలేదు.

తరచుగా జరిగే తప్పులు

చేపకు తెల్ల మచ్చలొచ్చాయని ట్యాంకులో మందు పోయడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ మందుల్లో కొన్నింట్లో మైలుతుత్తం ఉంటుంది, అంటే రాగి. చేప బతుకుతుంది, నత్త పోతుంది. సీసా మీద కాపర్ అని ఉందేమో చదవండి. చేపలను వేరే టబ్బులోకి తీసి అక్కడ మందు వేయండి. ప్లానేరియా పురుగుల కోసం అమ్మే వక్క సారం మందులు కూడా నత్తలకు హాని చేస్తాయి.

తర్వాతిది వేడి. నెరైట్‌కు 22 నుంచి 28 డిగ్రీలు బాగుంటుంది. మన మే నెలలో గది ట్యాంకు 32 దాటుతుంది. మూత బదులు వల కప్పి, నీటి మీదికి టేబుల్ ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఐస్ ముక్కలు నేరుగా వేయకండి.

దోమల స్ప్రే కొట్టేటప్పుడు ట్యాంకుకు గుడ్డ కప్పి, గాలి పంపు ఆపండి.

తెల్లటి నువ్వుగింజల్లా రాళ్లకు, చెక్కకు అతుక్కునేవి నెరైట్ గుడ్లు. పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీళ్లు కావాలి, కాబట్టి అవి అలాగే ఉండిపోతాయి. అద్దం మీదివి పాత ప్లాస్టిక్ కార్డుతో గీకేయండి. చెక్క మీదివి పోవడం కష్టం. ఆ తెల్ల మచ్చలు చూడలేమనుకునేవాళ్లు నెరైట్ తేకపోవడమే నయం.

పని జరుగుతోందో లేదో ఎలా చూడాలి

రాత్రి లైటు ఆరిపోయిన గంటకు టార్చ్ వేసి అద్దం బయటినుంచి చూడండి. పాదం ముందు చిన్న నోరు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. తెరుచుకున్నప్పుడల్లా లోపలి గరుకు నాలుక అద్దాన్ని ఒకసారి నాకి వెనక్కి వెళ్తుంది. మర్నాడు పొద్దున పాచి మీద ముగ్గు మధ్య వేలితో చెరిపినట్టు వంకరటింకర దారి కనిపిస్తుంది. దారి కనిపిస్తే నత్త తింటున్నట్టే. నేల మీద సన్నటి ముదురు మలం కూడా ఉంటుంది.

మొదటి రోజు అద్దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి, రెండు వారాలకు, నెలకు మళ్లీ తీయండి. నెలకు సగం చుక్కలైనా తగ్గాలి. తగ్గకపోతే ముందు లైటు గంటలు చూడండి, ఆ తర్వాతే ఇంకో నత్త.

గుల్లను కూడా ఫోటో తీయండి. నోటి వైపు అంచు కొత్తగా, నునుపుగా, చారలు స్పష్టంగా పెరుగుతుంటే నీళ్లు సరిపోయాయి. కొన దగ్గర పాత అరుగుదల తిరిగి పూడదు, దాన్ని చూసి బెంగపడకండి. కొత్త అంచు కూడా పలచగా, తెల్లగా వస్తుంటే జీహెచ్, కేహెచ్ మళ్లీ చూడాలి.

కదలని నత్త బతికుందో లేదో తెలియాలంటే చేతిలోకి తీసుకుని మూత మీద మెల్లగా నొక్కండి. బిగించుకుంటే బతికే ఉంది. మూత ఊడి, ఒళ్లు వేలాడుతూ, ముక్కు దగ్గర పెట్టగానే కుళ్లు వాసన కొడితే పోయింది. ఆ వాసన ఒకసారి చూస్తే మళ్లీ అనుమానం రాదు. చచ్చిన నత్తను వెంటనే తీసి, మూడో వంతు నీళ్లు మార్చి, మర్నాడు అమ్మోనియా చూడండి. 20 లీటర్ల చిన్న ట్యాంకులో ఒక్క కుళ్లిన నత్త చాలు, చేపలు ఇబ్బంది పడటానికి.

నత్తలు ఎక్కువైనా, ట్యాంకు తీసేస్తున్నా చెరువులోనో కాలువలోనో వదలకండి, తెలిసినవాళ్లకో షాపుకో ఇవ్వండి. చచ్చినదాని గుల్లను పారేయాల్సిన పని లేదు. లోపల శుభ్రం చేసి, ఉడకబెట్టి, ఎండబెట్టి మళ్లీ ట్యాంకులో వేస్తే అది మెల్లగా కరిగి మిగతా నత్తలకు సున్నం అందుతుంది.